గురిమందు

ఫిబ్రవరి 8, ఆదివారం

ఆరాధన అయిపోయి స్కూలు హాల్లో కుర్చీలు మడతపెడుతుంటే యెషయా అంకుల్ వచ్చారు.

"ఎల్సా, నీకు హిందీ బాగానే వచ్చుగా?"

వచ్చన్నాను.

"డాక్టర్ల ఇంగ్లీషు?"

అదీ వచ్చన్నాను. "తెలుగో?" అన్నారు. పక్కనే ఉన్న పిన్ని ఫక్కున నవ్వింది.

"దానికి తెలుగు పిచ్చి అన్నయ్యా. మొన్న పచ్చి అరటికాయ కూర తింటూ 'వగరు అన్న మాట ఎంత బాగుందో పిన్నీ' అని ప్లేటు ముందు పెట్టుకుని కూర్చుంది. కూర చల్లారిపోయింది, మాట మాత్రం వేడివేడిగా ఉందిట."

అంకుల్ వాళ్ళ దూరపు చుట్టాలు నరసాపురం నుంచి వచ్చారు. ధర్మయ్యగారు, ఆయన భార్య కమలాకుమారిగారు. ఆయనకి లివర్ క్యాన్సర్. ఢిల్లీ పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి మా పక్క వీధిలోనే గది తీసుకున్నారు. ఇద్దరికీ హిందీ ముక్క రాదు. "డాక్టరు చెప్పింది వీళ్ళకి చెప్పాలి, వీళ్ళు చెప్పింది డాక్టరుకి చెప్పాలి. అంతే," అన్నారు అంకుల్.

అంతేనట! ఆ 'అంతే' నేర్చుకోవడానికే కదా తణుకు నుంచి ఇంత దూరం వచ్చి ఎమ్మేలో అనువాదం చదువుతున్నాను.

ఇప్పటిదాకా నేను అనువదించినవన్నీ కాగితం మీద ఉన్నవే. మొదటిసారి మనుషులు.

ఫిబ్రవరి 11

ఈ రోజు గురించి పూర్తిగా రాయాలి.

పొద్దున్నే మెట్రోలో తీసుకెళ్ళాను. ధర్మయ్యగారు రైసుమిల్లు లారీ నడిపేవారు. కాకినాడ దాటి ఎప్పుడూ పోలేదట. బాగా చిక్కిపోయి ఉన్నారు, కళ్ళు పచ్చగా ఉన్నాయి, అయినా నోరు మాత్రం ఊరుకోదు. రైలు ఆగినప్పుడల్లా, "చూశావా కమలా, బ్రేకు కొట్టినట్టే తెలీలేదు. వీడెవడో మహానుభావుడు," అంటున్నారు. "మీరు నడిపేటప్పుడు మాత్రం మేం బియ్యం బస్తాలమేగా," అందావిడ.

డాక్టర్ ప్రీతి స్కాన్ ఫిల్ములు చూస్తూ హిందీలో గబగబా చెప్పుకుపోయారు. గడ్డ పెద్దది. రక్తనాళంలోకి పాకింది. కోసి తీసే దశ దాటిపోయింది. కొత్తరకం మాత్రలున్నాయి, టార్గెటెడ్ థెరపీ అంటారు. గడ్డకి రక్తం తెచ్చే దారుల మీదా, అది పెరగడానికి అందుకునే సంకేతాల మీదా పని చేస్తాయి. "రోక్ సక్తే హై, ఖతమ్ నహీ కర్ సక్తే," అన్నారు. ఆపగలం, అంతం చెయ్యలేం. ఆ ఆపడం కూడా కొన్నాళ్ళే.

వాళ్ళిద్దరూ నా వంక చూస్తున్నారు. నేను నోరు తెరవడం కోసం ఇద్దరు మనుషులు ఊపిరి బిగబట్టి కూర్చోవడం నా జీవితంలో ఇదే మొదలు.

అప్పుడు నాకా మాట తట్టింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

"ఇది గురిమందండి," అన్నాను. "గురి చూసి కొట్టే మందు. జబ్బు ఎక్కడుందో అక్కడికే వెళ్ళి, దానికి తిండీ నీళ్ళూ అందే దారులు మూసేస్తుంది. జబ్బుని ఆపుతుంది."

"గురిమందు," అన్నారు ధర్మయ్యగారు. నోట్లో బెల్లంముక్క వేసుకున్నట్టు ఇంకోసారి అన్నారు, "గురిమందు!" కమలాకుమారిగారు కొంగుతో కళ్ళొత్తుకుని, "దేవుడు దారి చూపించాడు," అన్నారు. ఆ ముఖాలు చూశాక రెండో సగం నా నోట రాలేదు. ఆశ కూడా ఒక మందే కదా. పైగా డాక్టరుగారే ముందు ముందు నిదానంగా చెబుతారు.

ఆ తర్వాత ఆవిడ ఇంకా చాలాసేపు మాట్లాడారు. ఈ క్యాన్సర్ హెపటైటిస్ బి అనే వైరస్ వల్ల వచ్చింది. ఇంట్లో వాళ్ళకీ ఉండొచ్చు. భార్యకీ పిల్లలకీ రక్తపరీక్ష చేయించాలి. లేనివాళ్ళకి మూడు డోసుల టీకా ఉంది, క్యాన్సర్ రాకుండా కాపాడే టీకాల్లో అదొకటి. ఉన్నవాళ్ళకి మందులున్నాయి. కలిసి తింటే, ఒకే గ్లాసుతో తాగితే అంటుకోదు. తల్లి నుంచి బిడ్డకి పుట్టేటప్పుడు వస్తుంది. రక్తం ద్వారా, సూదుల ద్వారా వస్తుంది. ఆలుమగల మధ్య కూడా.

నా చెవులు వేడెక్కాయి. మా నాన్న వయసు మనిషి. అదీ లారీ డ్రైవరు. ఆ మాట ఆయన భార్య ముందు ఏ తెలుగులో చెప్పాలి? చెబితే ఆవిడ ఏమనుకుంటుంది?

"టీకా, టీకా అంటుందేంటమ్మా ఆవిడ?" అన్నారు ధర్మయ్యగారు.

"జబ్బు రాకముందు వేసేదండి. మీకిప్పుడు అవసరం లేదు."

"ఆవిడ అంతసేపు మాట్లాడింది. నువ్వు ఇంతే చెప్పావేంటి?"

"హిందీలో మాటలు ఎక్కువ పడతాయి అంకుల్. మన తెలుగులో ఒక్క ముక్కలో అయిపోతుంది."

ఆయన పొంగిపోయారు. "మరి మన భాషంటే ఏమనుకున్నావు!"

మిగతావన్నీ ఇంటి విషయాలు. ఈ రోజే చెప్పాల్సిన అవసరం లేదనిపించింది. మంచి రోజు.

గురిమందు. గురిమందు. నిఘంటువులో వెతికాను. లేదు. నాదే.

ఫిబ్రవరి 13

కాలేజీ నుంచి వస్తూ సెక్టార్ మార్కెట్లోని క్లినిక్‌లో హెపటైటిస్ బి టీకా మొదటి డోసు వేయించుకున్నాను. చిన్నప్పుడు వేయించిందో లేదో అమ్మకి గుర్తు లేదంది. ఎప్పటినుంచో అనుకుంటున్నదే. చెయ్యి కొంచెం నొప్పిగా ఉంది.

ఫిబ్రవరి 17

క్లాసులో 'రోగి భాషలోకి వైద్యం' అని మాట్లాడాను. గురిమందు గురించి చెప్పగానే తమిళ అమ్మాయి కావేరి చప్పట్లు కొట్టింది. "మాకు ఇంత చిన్న మాట లేదు," అంది. మేడమ్ ఆ మాటని బోర్డు మీద తెలుగు లిపిలో రాయమన్నారు. రాశాను. అందరూ వెళ్ళిపోయాక కూడా చెరపలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఆరాధన తర్వాత కమలాకుమారిగారు బలవంతంగా వాళ్ళ గదికి తీసుకెళ్ళారు. ఒకటే గది, ఒక మంచం, కిటికీ గట్టు మీద గ్యాస్ స్టవ్. రెండు స్టీలు గ్లాసులున్నాయి. ఒకదానిలో టీ పోసి నాకిచ్చారు.

"శ్రమదినాల ఉపవాసం కదా ఆంటీ. సాయంత్రం దాకా ఏమీ తీసుకోను," అన్నాను.

"ఈ వయసులో ఎంత భక్తి తల్లీ!" అన్నారావిడ. ఆ టీ ఆవిడే తాగారు.

నేను ఉపవాసం ఉండటం లేదు. మధ్యాహ్నం పిన్ని చేసిన బిర్యానీ రెండుసార్లు పెట్టించుకున్నాను. గ్లాసు వల్ల రాదని డాక్టరుగారు చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. గుర్తుండే వద్దన్నాను.

రాత్రి గిన్నెలు తోముతూ పిన్ని అడిగింది. తను ఇక్కడి ఆసుపత్రిలో ఇరవయ్యేళ్ళుగా నర్సు. "ఆయనది హెపటైటిస్ వల్లే అయ్యుంటుంది. ఇంట్లో అందరికీ టెస్టులు చేయించమన్నారా?"

"ఆ."

"చెప్పావా వాళ్ళకి?"

"ఆ, చెప్పాను."

మార్చి 4

హోలీ. వీధి నిండా రంగునీళ్ళు. తలుపేసుకుని చదువుకున్నాను.

ధర్మయ్యగారు ఊళ్ళో అందరికీ ఫోన్లు చేస్తున్నారని యెషయా అంకుల్ చెప్పారు. "గురిమందు వేసుకుంటున్నాను, దాళ్వా కోతలకల్లా వచ్చి బండెక్కుతాను" అంటున్నారట. నా మాట నరసాపురం దాకా వెళ్ళింది. మొదట సంతోషం వేసింది.

తర్వాత వెయ్యలేదు.

మార్చి 11

రెండోసారి ఆసుపత్రి.

ధర్మయ్యగారి అరచేతులు ఎర్రగా కంది, వేళ్ళ చివర పొరలు లేచాయి. అరికాళ్ళూ అంతేనట. చెప్పుల్లో దూది పెట్టుకుని వచ్చారు. మెట్రోలో పైన పట్టుకునే పిడి పట్టుకోలేక మోచెయ్యి మడిచి అందులో దూర్చారు. "గురి కాస్త తప్పి చేతులకి తగిలిందేమో పాపా," అని నవ్వారు. మందు వల్ల ఇలా అవుతుందనీ, మొదటి మంట తెలియగానే చెప్పాలనీ డాక్టరుగారు పోయినసారే అన్నారు. "చేతులు కొంచెం మండొచ్చు" అని మాత్రం చెప్పాను నేను. 'వెంటనే చెప్పండి' అన్నది వదిలేశాను. ఎందుకు వదిలేశానో ఇప్పుడు గుర్తు రావడం లేదు. వాక్యం పొడుగైపోతోందని కావచ్చు.

డాక్టరుగారు డోసు తగ్గించి, పూత మందు రాశారు. తర్వాత నా వైపు తిరిగి, "ఘర్ వాలోం కీ జాంచ్ హుయీ?" అన్నారు. ఇంట్లోవాళ్ళ పరీక్షలయ్యాయా అని.

నేను వాళ్ళ వైపు తిరగలేదు. నేనే హిందీలో జవాబు చెప్పేశాను. "హో రహీ హై మేడమ్." అవుతున్నాయని.

బయట బెంచీ మీద ధర్మయ్యగారికి పూత రాశాక కమలాకుమారిగారు సంచిలోంచి లేసు అల్లిక తీశారు. వాళ్ళ వైపు ఆడవాళ్ళ చేతులు ఊరికే ఉండవు. తెల్లదారంతో చిన్న గిన్నెలాంటిది అల్లుతున్నారు.

"ఏంటాంటీ అది?"

"టోపీ. మా వీణకి నెలలు నిండుతున్నాయి కదా. పుట్టేది ఆడైనా మగైనా తలకి చల్లగాలి తగలకూడదు."

వీణ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. భీమవరంలో అత్తారింట్లో ఉందట. మొదటి కాన్పు.

"ఇప్పుడెన్నో నెలండీ?"

"తొమ్మిది వచ్చేసింది."

తల్లి నుంచి బిడ్డకి, పుట్టేటప్పుడు. డాక్టరుగారి గొంతు నాకు అలాగే వినిపించింది, హిందీలోనే. వీణకి ఉందో లేదో తెలియదు. వాళ్ళమ్మకి ఉందో లేదో తెలియదు. తెలుసుకోవాలన్న సంగతే ఎవరికీ తెలియదు. నాకు తప్ప.

"ఏంటమ్మా, అలా అయిపోయావు? కళ్ళు తిరుగుతున్నాయా? నువ్వా ఉపవాసాలు మానెయ్యి," అని ఆవిడ సంచిలోంచి బిస్కెట్ ప్యాకెట్టు తీసి ఇచ్చారు.

తిన్నాను.

మార్చి 12

ఏమీ రాయాలని లేదు.

మార్చి 13

సాయంత్రం ఊరికి వీడియో కాల్ చేద్దామని పిన్ని నా ఫోను తీసుకుంది. అదే నిమిషంలో క్లినిక్ నుంచి మెసేజ్ వచ్చింది. నా రెండో డోసు ఈ రోజేనని.

"హెపటైటిసా? మొదటి డోసు ఎప్పుడు వేయించుకున్నావే?"

"పోయిన నెల."

"మంచి పనే. ఉన్నట్టుండి ఎందుకు వేయించుకున్నావు?"

"డాక్టరుగారు చెప్తే..."

"ఏ డాక్టరు?"

పిన్ని గొంతు పెంచలేదు. తనెప్పుడూ పెంచదు. పేషెంటు ఎక్కడ నొప్పో చెప్పేదాకా వేలితో నొక్కుకుంటూ వెళ్ళినట్టు ఒక్కొక్కటే అడిగింది. చివరికి అంతా వచ్చేసింది. వీణ తొమ్మిదో నెల కూడా.

"అయితే," అంది పిన్ని, "డాక్టరు ఆ ఇంట్లో అందరి కోసం చెప్పింది, ఈ ఇంట్లో నీకు అర్థమైంది. నువ్వెళ్ళి వేయించుకుని వచ్చావు."

"నాకు సిగ్గేసింది పిన్నీ. ఆలుమగల మధ్య అన్న మాట ఆవిడ ముందు..."

"ఏ చేతికి వేశారు?"

ఎడమ చెయ్యి చూపించాను. పిన్ని ఆ చోటుని వేలితో నొక్కింది. "నేను వీధి కుళాయి దగ్గర కూడా చెప్తానే ఆ మాటలు. సిగ్గు పడాల్సింది అక్కడ కాదు," అని ఫోను నా ముందు పెట్టింది. "ఇప్పుడే చెయ్యి. నా ఎదురుగా."

కమలాకుమారిగారికి చేశాను. చెప్పాను. రక్తపరీక్ష, వీణకి రేపే, ఆంటీకి కూడా, ఆలస్యం చెయ్యకూడదు. ఎలా వస్తుందో కూడా చెప్పాను. రక్తం, సూది, తల్లి, ఆలుమగలు. నాలుగు మాటలు. నోరు కాలిపోలేదు. ఆవిడ "అలాగా" అన్నారు, అంతే. "ఇప్పుడే వీణకి ఫోన్ చేస్తాను. డాక్టరమ్మ ఎప్పుడు చెప్పిందమ్మా ఇది?"

"మొన్న."

మొన్న అన్నది అబద్ధం కాదు. మొన్న కూడా అడిగారు. ఆ 'కూడా'ని మింగేశాను. పిన్ని నా ముఖం వైపు చూసి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మార్చి 16

వీణకి ఉంది.

కమలాకుమారిగారికీ ఉంది. వాళ్ళమ్మ నుంచి వచ్చిందో, చిన్నప్పుడు ఏ సూదితో వచ్చిందో, ఎవరు చెప్పగలరు? వీణ గర్భిణి రిపోర్టుల్లో ఈ పరీక్షే లేదట.

పిన్ని భీమవరం డాక్టరుతో అరగంట మాట్లాడింది. వైరస్‌ని తగ్గించే మాత్ర ఈ రోజే మొదలుపెట్టారు. బిడ్డ పుట్టగానే వెయ్యడానికి రెండు ఇంజెక్షన్లు, ఒకటి టీకా, ఇంకోటి అది పని మొదలుపెట్టేలోపు కాచే మందు, తెప్పించి ఆసుపత్రి ఫ్రిజ్‌లో పెట్టించారు. పిన్ని మాట్లాడుతున్నంతసేపూ నేను పక్కన నిలబడ్డాను. గాజు గ్లాసుతో నీళ్ళు తెచ్చాను. అంతకంటే నేను చెయ్యగలిగింది లేదు.

నా రెండో డోసుకి వెళ్ళలేదు. వెళ్ళమని పిన్ని తిట్టింది. "నువ్వు వేయించుకోకపోతే వాళ్ళకి ఒరిగేదేంటి? శిక్షలు కూడా అందంగా వేసుకుంటావా?"

మార్చి 17

వేయించుకున్నాను.

మార్చి 21

ఆడపిల్ల. రెండు ఇంజెక్షన్లూ కాన్పు గదిలోనే వేశారు. కమలాకుమారిగారు ఫోనులో ఏడుస్తూ నవ్వుతున్నారు. వెనక నుంచి ధర్మయ్యగారు, "ముక్కు నాదేనట, నాదే!" అని అరుస్తున్నారు.

మార్చి 25

ఇది రాయకపోతే ఇంక ఎప్పటికీ రాయలేను.

డాక్టర్ ప్రీతికి పాప పుట్టిందని చెప్పాను. వీణకి ఉందనీ చెప్పాను. ఆవిడ రాస్తున్న పెన్ను ఆపారు. ఆ మాత్ర ఏడో నెల నుంచే వేసుకోవాల్సిందన్నారు. కనీసం ఫిబ్రవరిలో మొదలుపెట్టినా బిడ్డకి రక్షణ ఎక్కువ ఉండేది. ఐదారు రోజుల మందు చేసేది తక్కువ. అయితే రెండు ఇంజెక్షన్లూ వేళకి పడ్డాయి, అలాంటి పిల్లల్లో ఎక్కువమంది తప్పించుకుంటారు. మిగతా డోసులు తప్పకూడదు. తొమ్మిది నెలలు నిండాక పరీక్ష చేస్తేగానీ తెలియదు.

తర్వాత నన్నే చూస్తూ అన్నారు. "మైనే తో ఫిబ్రవరీ మే హీ బోలా థా." నేను ఫిబ్రవరిలోనే చెప్పాను కదా.

"ఏమంటున్నారమ్మా?" అని కమలాకుమారిగారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఇంజెక్షన్లు వేళకి పడ్డాయన్నారండి. పాప బాగుంటుందన్నారు."

'ఎక్కువమంది తప్పించుకుంటారు' అన్నది నా నోట్లో 'పాప బాగుంటుంది' అయిపోయింది. ఎంత సులువుగా అయిపోయిందో. నూనె రాసిన తలుపులా తెరుచుకుంది.

బయటికి రాగానే ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. "నువ్వే లేకపోతే మా వీణ గతేంటి తల్లీ. ఆ డాక్టరమ్మ చెప్పిన మాట రెండు రోజులకే ఫోన్ చేసి చెప్పావు."

ధర్మయ్యగారు పొరలు లేచిన వేళ్ళతో నా తల నిమిరారు. "మేమిద్దరం అనుకున్నాం పాపా. మనవరాలికి పేరు నువ్వే పెట్టాలి. నీకు మంచి మంచి మాటలు వస్తాయి. గురిమందు అన్నావు చూడు, అలాంటిదొకటి."

"ఆలోచిస్తానంకుల్," అన్నాను.

మార్చి 28

సాహితి. తొలకరి. నిహిర. వెన్నెల. అనఘ.

అనఘ అంటే పాపం లేనిది, మచ్చ లేనిది. ఆ పేరు రాసి దాని చుట్టూ గీత గీశాను. గంటసేపు సంతోషంగా ఉన్నాను. ఆ తర్వాత నేనేం చేస్తున్నానో నాకు తెలిసింది.

వెనక్కి తిప్పి ఫిబ్రవరి 11న రాసుకున్నది చదివాను. 'ఈ రోజే చెప్పాల్సిన అవసరం లేదనిపించింది.' అనిపించిందట. ఎవరికి అనిపించింది? డాక్టరుగారు చెప్పినదంతా ఒక్క ముక్క పోకుండా ఇక్కడ రాసుకున్నాను. ఎవరూ చదవని చోట పూర్తిగా, వినాల్సినవాళ్ళ దగ్గర సగం.

పేర్లన్నీ కొట్టేశాను.

మార్చి 30

"గుడ్ ఫ్రైడే రోజు వాళ్ళకి చెప్పేస్తాను పిన్నీ. అంతా. ఆ రోజైతే..."

పిన్ని చపాతీ కర్ర పక్కన పెట్టింది. "ఆ రోజైతే ఏంటి? సిలువ కింద నిలబడి చెప్తే నీకు బాగుంటుందా? ఆయన ఇంకా కోతలకి లారీ ఎక్కుతానని మిల్లువాళ్ళకి ఫోన్లు చేస్తున్నాడు. నీ నాటకానికి ముహూర్తం వచ్చేదాకా ఆగాలా ఆయన?"

"నువ్వూ రావా నాతో?"

"రాను."

మార్చి 31

వెళ్ళాను.

ధర్మయ్యగారు మంచం మీద కాళ్ళు చాపుకుని ఉన్నారు, కమలాకుమారిగారు పాదాలకి పూత రాస్తున్నారు. "రా తల్లీ! పేరు తెచ్చావా?" అన్నారావిడ.

కూర్చోమన్నా కూర్చోలేదు. బస్సులో కండక్టరు చెప్పినట్టు గబగబా చెప్పాను. ఇంట్లోవాళ్ళకి పరీక్షలు చేయించమని డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు. ఫిబ్రవరిలో. నేను చెప్పలేదు. రెండోసారి అడిగితే అవుతున్నాయని నేనే అబద్ధం చెప్పాను. ఫిబ్రవరిలోనే వీణకి మందు మొదలుపెట్టి ఉంటే పాపకి ఎక్కువ రక్షణ ఉండేదట. పాప బాగుంటుందని డాక్టరుగారు అనలేదు. బాగుండే అవకాశం ఎక్కువ అన్నారు. తొమ్మిది నెలల తర్వాతే తెలుస్తుంది. ఆ టీకా నేను మాత్రం వేయించుకున్నాను. మీ గ్లాసులో టీ కూడా ఈ జబ్బు భయంతోనే తాగలేదు.

కమలాకుమారిగారి చెయ్యి ఆయన పాదం మీదే ఆగిపోయింది.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అని ధర్మయ్యగారు అడిగారు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని.

"ఆలుమగల ద్వారా కూడా వస్తుందన్నారండి. మీరు లారీ నడిపేవారు కదా... ఆంటీ మిమ్మల్ని ఏమైనా అనుకుంటారేమోనని..."

కమలాకుమారిగారు మొదటిసారి తలెత్తారు.

"ముప్పయ్యేళ్ళు కాపురం చేశాను. మా ఆయన మీద నాకు లేని అనుమానం నీకెందుకొచ్చిందమ్మా?"

తెలుగులో ఇన్ని మాటలున్నాయి.

ధర్మయ్యగారు, "మరి నా మందు?" అన్నారు. "అదైనా నువ్వు చెప్పినట్టేనా?"

"ఆపుతుందండి. కొన్నాళ్ళు. అంతం చెయ్యలేదు. అదీ మొదటి రోజే చెప్పారు."

ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నారు. "కొన్నాళ్ళంటే?"

"అడగలేదండి."

కిటికీ అవతల కూరగాయల బండివాడు అరుచుకుంటూ వెళ్ళాడు. కమలాకుమారిగారు పూత డబ్బా మూత బిగించారు. బిగిసిన మూతనే మళ్ళీ బిగించారు. నేను ఇంక వెళ్తానన్నాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఆవిడ మామూలు గొంతుతో అన్నారు.

"పేరు మేమే పెట్టుకుంటాంలే అమ్మా."

ఏప్రిల్ 5

ఈస్టర్, పునరుత్థాన ఆరాధన. హాలు నిండా మల్లెపూల వాసన. వాళ్ళు మాకు రెండు వరసల ముందు కూర్చున్నారు. పిన్ని వెళ్ళి పలకరించింది. నేను కుర్చీలు మడతపెట్టాను.

ఏప్రిల్ 7

ధర్మయ్యగారు ఫోన్ చేశారు. రేపు ఆసుపత్రి.

"వేరే ఎవరినైనా చూడమని యెషయాని అడిగాను. ఎవరికీ సెలవు దొరకలేదంట," అన్నారు. తర్వాత, "వస్తావా?" అన్నారు.

"వస్తానండి."

"ఒక్కటే మాట పాపా. ఆవిడ ఎంతసేపు మాట్లాడితే నువ్వూ అంతసేపు మాట్లాడాలి."

ఏప్రిల్ 8

మెట్రోలో ఆయన బ్రేకుల గురించి ఏమీ అనలేదు.

డాక్టరుగారి గదిలో మొదట నేనే మాట్లాడాను. ఫిబ్రవరిలో మీరు చెప్పినవి వీళ్ళకి చెప్పకుండా ఉంచింది నేనే, అని హిందీలో చెప్పి, అదే తెలుగులో కూడా చెప్పాను. ఆవిడ నా వైపు చూసి ఫైలు తెరిచారు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

ధర్మయ్యగారు అడగమన్నది అడిగాను. ఎన్నాళ్ళు?

ఆవిడ నిదానంగా చెప్పారు. మందు పనిచేస్తే కొన్ని నెలలు, కొందరికి ఏడాది, కొద్దిమందికి అంతకంటే ఎక్కువ. మీరు ఏ రకమో నేను ముందే చెప్పలేను. పనిచెయ్యడం మానేస్తే ఇంకో రకం మందు చూద్దాం, సెలైన్‌లా ఎక్కించేది, అదీ అందరికీ పడదు. లారీ నడపకండి. మనవరాలిని ఎత్తుకోండి, ముద్దు పెట్టుకోండి, మీ వల్ల ఆమెకి ఏమీ కాదు. ఆమె టీకాలు మాత్రం ఒక్కటి కూడా తప్పనివ్వకండి. కమలాకుమారిగారు కూడా ఆరు నెలలకోసారి స్కాన్ చేయించుకోవాలి.

నేను ఒక్కొక్క వాక్యం ఆపి, చెప్పాను. ఎక్కడా మంచి మాట కోసం వెతకలేదు. 'నెలలు' అన్న మాట రెండుసార్లు చెప్పాను. నేను మాట్లాడినంతసేపూ ధర్మయ్యగారు డాక్టరుగారి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూస్తూ ఉన్నారు. రెండు తూకాలు సరిచూసుకుంటున్నట్టు.

"ఇంకేమైనా అందా?" అన్నారు చివర్లో.

"లేదండి. ఇంతే."

ఆయన తల ఊపారు. బయటికి వచ్చాక కమలాకుమారిగారు ఫ్లాస్కు తీసి, ఒకే గ్లాసులో టీ పోసి ముందు ఆయనకిచ్చారు. తర్వాత తాను తాగారు. గ్లాసు కడిగి సంచిలో పెట్టేసుకున్నారు. నన్ను అడగలేదు.

వాళ్ళు బెంచీ మీద భీమవరానికి వీడియో కాల్ చేశారు. నేను కాస్త దూరంగా గోడకి ఆనుకుని నిలబడ్డాను. తెల్ల లేసు టోపీలో పాప నిద్రపోతోంది. ధర్మయ్యగారు ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని పాపని పేరుతో పిలిచారు. అప్పుడే టోకెన్ నంబరు మైకులో వినిపించింది, ఆ పేరు నాకు అందలేదు.

పాపకి పేరు పెట్టేశారు. ఏం పేరని నేను అడగలేదు. వాళ్ళు చెప్పలేదు.